కొత్త మిడిల్ గ్రేడ్, వైఏ నవలలు: ఏ పిల్లలకి ఏది ఇస్తున్నారు?

లైబ్రరీ_మూల (ప్రశ్న):

అందరికీ నమస్తే అండీ. నేను పిల్లల లైబ్రరీ ఒకటి చూసుకుంటున్నాను, తొమ్మిదేళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి పదహారేళ్ళ వాళ్ళ దాకా వస్తారు, ఎక్కువగా ఇంగ్లీషు నవలలే అడుగుతారు. మా దగ్గర చేతులు మారేవన్నీ పదిహేను ఇరవై ఏళ్ళ కిందటి సిరీస్‌లే. వాటి మీద నాకేం ఫిర్యాదు లేదు, ఇప్పటికీ ఇష్టంగానే చదువుతారు, కానీ అవి అయిపోయాక "ఇంకేమున్నాయి మిస్" అంటే మాత్రం నా దగ్గర గట్టిగా చెప్పడానికి పేర్లు ఉండట్లేదు. కొత్తవి కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి, అన్నీ చదివి ఇచ్చే టైం ఎవరికీ ఉండదు, ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతి పుస్తకం గురించీ అద్భుతం అనే రాసి ఉంటుంది.

ఇప్పుడు నా ముందున్న నలుగురి గురించి చెప్తాను. పదేళ్ళ బాబు 'ది వైల్డ్ రోబో' మూడు భాగాలూ చదివేశాడు, అచ్చం అలాంటిదే కావాలంటున్నాడు. పదకొండేళ్ళ పాప ఫాంటసీ తప్ప ఇంకేదీ ముట్టదు. పదమూడేళ్ళ అమ్మాయికి మిడిల్ గ్రేడ్ (ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళవి) ఇస్తే చిన్నపిల్లల పుస్తకం అంటుంది, వైఏ (యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ వాళ్ళవి) ఇస్తే సగం అర్థం కాక సగం ఇబ్బందిపడి వెనక్కి తెస్తుంది, ఈ అమ్మాయి గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. నాలుగో ఆయన పదిహేనేళ్ళ వాడు, ఒకప్పుడు బాగా చదివేవాడట, ఇప్పుడు వాళ్ళ చెల్లిని దింపడానికి వచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

పేర్లు చెప్పండి, పేర్లతో పాటు అసలు మీరు ఒక పుస్తకం ఫలానా పిల్లకి సరిపోతుందని ఎలా డిసైడ్ అవుతారో కూడా చెప్పండి ప్లీజ్. గత నాలుగైదేళ్ళలో వచ్చినవైతే మరీ మంచిది.


రెండో_బెంచీ:

మొదట ఆ పదేళ్ళ బాబు సంగతి చెప్తానండీ, ఎందుకంటే ఎలా డిసైడ్ అవుతారు అన్న ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. 'వైల్డ్ రోబో లాంటిది' అనగానే మనం రోబోలున్న పుస్తకాలు వెతుకుతాం, కానీ ఆ బాబుకి నచ్చింది రోబోనే అని ఏముంది? అందులో అడవి ఉంది, జంతువులు మాట్లాడతాయి, ఎవరూ లేని ఒక ప్రాణి పిల్లబాతుని పెంచి తల్లి అవుతుంది, చాప్టర్లు రెండు మూడు పేజీలే ఉంటాయి, బొమ్మలున్నాయి. వీటిలో ఏది పట్టుకుందో వాడినే అడగాలి, "నీకు బాగా నచ్చిన చోటు ఏది, ఎక్కడ ఆపబుద్ధి కాలేదు" అని అడిగితే పిల్లలు టకటకా చెప్తారు. "ఎందుకు నచ్చింది" అని అడిగితే మాత్రం పరీక్షలా ఫీలయ్యి "బాగుంది" అని ఊరుకుంటారు.

యంత్రానికి మనసు రావడం నచ్చిందని తేలితే కళ్ళు మూసుకుని జాస్మిన్ వార్గా రాసిన 'ఎ రోవర్స్ స్టోరీ' (2022) ఇచ్చేయండి. మార్స్ మీదికి పంపే రోవర్ పేరు రెజిలియన్స్, కథ చెప్పేది అదే, ల్యాబ్‌లో తనని తయారుచేసే సైంటిస్టుల్ని చూస్తూ చూస్తూ మనుషుల ఫీలింగ్స్ అంటించుకుంటుంది, మధ్యలో ఒక సైంటిస్టు కూతురు ఆ రోవర్‌కి రాసే ఉత్తరాలు వస్తాయి. ఆ ఉత్తరాల్లో పాప వయసు పెరుగుతూ ఉంటుంది, పిల్లలు అది గమనించి వచ్చి చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం అనిపిస్తుంది.

జంతువులే నచ్చాయంటే క్యాథరిన్ యాపిల్‌గేట్ 'ఆడర్' (2022), సముద్రపు నీటికుక్క కథ, మొత్తం చిన్న చిన్న పాదాలుగా కవిత్వంలా ఉంటుంది, పేజీలో మాటలు తక్కువ కాబట్టి మెల్లగా చదివే పిల్లలు కూడా రెండు రోజుల్లో పూర్తి చేసి గర్వంగా తెచ్చి ఇస్తారు.

డేవ్ ఎగర్స్ 'ది ఐస్ అండ్ ది ఇంపాజిబుల్' కూడా చాలామంది ఈ వయసుకే చెప్తారు, అమెరికాలో పిల్లల పుస్తకాలకి ఇచ్చే న్యూబెరీ మెడల్ 2024లో దానిదే. ఒక పెద్ద పార్కులో యజమాని లేకుండా స్వేచ్ఛగా తిరిగే జొహానెస్ అనే కుక్క చెప్పే కథ. నాకు చాలా ఇష్టమైన పుస్తకం, కానీ ఆ కుక్క మాట తీరు పెద్ద పెద్ద వాక్యాలతో గొప్పలు పోతూ సాగుతుంది, పదేళ్ళ వాళ్ళు ఒంటరిగా చదివితే మొదటి ఇరవై పేజీల్లో వదిలేసే ప్రమాదం ఉంది. పక్కన కూర్చుని చదివి వినిపిస్తేనో, ఈథన్ హాక్ చదివిన ఆడియో పెడితేనో నవ్వుతూ వింటారు.


నిద్రపోని_చదువరి:

ఫాంటసీ పాప నాకు వదిలేయండి 🙂

క్యాథరిన్ రండెల్ 'ఇంపాజిబుల్ క్రీచర్స్' (2023). ఇప్పటి ఫాంటసీలో ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. మ్యాపుల్లో కనిపించని ద్వీపాల గుంపు ఒకటి, అక్కడ పురాణాల్లోని జంతువులన్నీ ఇంకా బతికే ఉంటాయి, క్రిస్టఫర్ అనే అబ్బాయి అక్కడికి వెళ్తాడు, మ్యాల్ అనే అమ్మాయికి గాలిలో ఎగిరే కోటు ఉంటుంది, చంకలో గ్రిఫిన్ పిల్ల, వెనకాల ఆమెని చంపడానికి తిరిగేవాడు. పుస్తకంలో ఆ జంతువులన్నిటి బొమ్మలూ వివరాలూ ఉన్నాయి, చాలామంది పిల్లలు ముందు అవే చదువుతారు, చదవనివ్వండి. ఒక మాట ముందే చెప్పాలి, ఇందులో చావులున్నాయి, ఏడిపిస్తుంది. రండెల్ గారు పిల్లల్ని తక్కువ అంచనా వెయ్యరు, వాక్యం ఎంత చిక్కగా ఉన్నా వాళ్ళు అందుకుంటారనే నమ్మకంతో రాస్తారు, అందుకే పెద్దవాళ్ళు కూడా చదువుతున్నారు. రెండో భాగం 'ది పాయిజన్డ్ కింగ్' 2025లో వచ్చింది.

సిరీస్ కావాలంటే, అంటే ఒకటి అయిపోగానే ఇంకోటి అనే రకం అయితే, ఎ.ఎఫ్. స్టెడ్‌మన్ 'స్కాండర్' సిరీస్ (2022లో మొదలైంది, ఐదు పుస్తకాలు). యూనికార్న్ అనగానే గులాబీ రంగు ఇంద్రధనుస్సు అనుకునే పిల్లలకి ఇది పెద్ద షాక్, వీటిలో యూనికార్న్‌లు రక్తదాహంతో ఉండే క్రూర జంతువులు. బి.బి. ఆల్‌స్టన్ 'అమారీ అండ్ ది నైట్ బ్రదర్స్' (2021) కూడా ఇవ్వొచ్చు, కనిపించకుండా పోయిన అన్న కోసం వెతుకుతూ రహస్య సంస్థలో ట్రైనింగ్‌కి వెళ్ళే అమ్మాయి కథ, వేగం ఎక్కువ, ఇప్పటిదాకా మూడు భాగాలు వచ్చాయి.

జెసికా టౌన్సెండ్ 'నెవర్‌మూర్' 2017లో మొదలైంది, మరీ కొత్తది కాదు, కానీ నాలుగోది 'సిల్వర్‌బార్న్' 2025లోనే వచ్చింది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టే పిల్లలు అదృష్టవంతులు, మూడోదానికీ నాలుగోదానికీ మధ్య మేము ఐదేళ్ళు ఎదురుచూశాం. మాయా స్కూలు కథలు అయిపోయి దిగులుగా తిరిగే పిల్లలకి నేను మొదట ఇచ్చేది ఇదే.

మహాభారతం తెలిసిన పిల్లలైతే రోషనీ చోక్షీ 'ఆరు షా' సిరీస్ చాలా ఎంజాయ్ చేస్తారు, పాండవులు ఈ కాలంలో అమ్మాయిలుగా పుట్టారనే ఐడియా. 2018 నుంచి 2022 దాకా ఐదు పుస్తకాలు, కథ పూర్తయిపోయింది. సిరీస్ పూర్తయిందా లేదా అన్నది చూసి ఇవ్వండి, కొంతమంది పిల్లలు సగంలో ఆగిపోయిన కథని తట్టుకోలేరు.


గీతలు_బొమ్మలు:

అవార్డుల గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేను చెప్తాను. అవార్డు వచ్చింది కాబట్టి పిల్లలకి నచ్చుతుంది అనుకోకండి, అలాగని పక్కన పెట్టేయకండి కూడా, ఏ అవార్డు దేన్ని చూస్తుందో తెలిస్తే చాలా పనికొస్తాయి.

న్యూబెరీ అమెరికా లైబ్రరీ అసోసియేషన్ ఇచ్చేది, 1922 నుంచి ఉంది, 14 ఏళ్ళ దాకా పిల్లల కోసం రాసినవి తీసుకుంటారు, రచయిత అమెరికా పౌరుడో అక్కడ నివసించేవాళ్ళో అయ్యుండాలి. అందుకే రండెల్ లాంటి బ్రిటిష్ రచయితల పుస్తకాలు ఎంత బాగున్నా ఆ లిస్టులో కనిపించవు. ఒక్క లిస్టు పట్టుకుని కొంటే సగం ప్రపంచం మిస్ అవుతాం. ప్రింట్జ్ అవార్డు 2000 నుంచి ఇస్తున్నారు, అది పూర్తిగా వైఏకి, అందులో చాలా పుస్తకాలు పదిహేను దాటినవాళ్ళకే.

బ్రిటన్ వాళ్ళ కార్నెగీ మెడల్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది చిన్నపిల్లలకీ టీనేజర్లకీ కలిపి ఒకటే. 2022లో గెలిచిన కాట్యా బేలెన్ 'అక్టోబర్, అక్టోబర్' అడవిలో నాన్నతో పెరిగిన పాప కథ, తొమ్మిది పదేళ్ళ పిల్లలు హాయిగా చదువుతారు. 2025లో గెలిచిన మార్గరెట్ మెక్‌డొనాల్డ్ 'గ్లాస్గో బాయ్స్' తల్లిదండ్రుల దగ్గర కాకుండా ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళ కథ, బూతులుంటాయి, గాయాలుంటాయి, చాలా గొప్ప పుస్తకం కానీ పదేళ్ళ పిల్లకి కాదు. రెండిటి మీదా ఒకే మెడల్ స్టిక్కర్. స్టిక్కర్ చూసి షెల్ఫ్‌లో సర్దేస్తే ఇబ్బందే.

న్యూబెరీ గెలిచినవాటిలో పిల్లలు నిజంగా చేతులు మార్చుకునేది మా దగ్గరైతే ఎరిన్ ఎంట్రాడా కెల్లీ 'ది ఫస్ట్ స్టేట్ ఆఫ్ బీయింగ్', 2025 మెడల్ దానిదే. 1999 ఆగస్టులో కథ, కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి మైకెల్ అనే పన్నెండేళ్ళ పిల్లాడు దొంగతనంగా డబ్బాల తిండి పోగేస్తుంటాడు, అప్పుడు రెండు వందల ఏళ్ళ తర్వాతి కాలం నుంచి ఒక కుర్రాడు ఊడిపడతాడు. అన్నిటికీ ముందే కంగారుపడే పిల్లలు ఉంటారు చూడండి, రేపేమవుతుందో అని నిద్రపట్టని వాళ్ళు, వాళ్ళకి ఈ పుస్తకం చాలా సాయం చేస్తుంది, ఎక్కడా ఉపదేశం ఇవ్వకుండా. పుస్తకం చిన్నది, వారం లోపల అయిపోతుంది.


రెండో_బెంచీ:

@గీతలు_బొమ్మలు, న్యూబెరీ గురించి ఒప్పుకుంటాను, కానీ పెద్దల కమిటీలు ఎంచినవే చూస్తే పిల్లల గొంతు వినబడదు కదా. కార్నెగీలోనే పిల్లల రీడింగ్ గ్రూపులు ఓటు వేసి ఎంచుకునే షాడోవర్స్ చాయిస్ అని ఒకటుంది, రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి, పెద్దలకి నచ్చినదీ పిల్లలకి నచ్చినదీ ఎంత తేడాగా ఉంటాయో తెలుస్తుంది. నేను కొనేటప్పుడు పిల్లల ఓటుకే ఎక్కువ విలువ ఇస్తాను.


అమ్మనీ_పాఠకురాలినీ:

పదమూడేళ్ళ అమ్మాయి గురించి రాద్దామని లాగిన్ అయ్యాను, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే వయసు, నేను చూసినంతలో ఇప్పటి పుస్తకాల్లో అందరికన్నా అన్యాయం జరుగుతున్నది ఈ పన్నెండు పదమూడు పద్నాలుగేళ్ళ వాళ్ళకే.

కారణం ఏంటంటే మిడిల్ గ్రేడ్ అంటే ఎనిమిది నుంచి పన్నెండు, వైఏ అంటే పన్నెండు నుంచి పద్దెనిమిది అని అట్టల వెనక రాసుకుంటారు గానీ, పిల్లలెప్పుడూ తమకన్నా ఏడాది రెండేళ్ళు పెద్ద హీరో కథే కోరుకుంటారు, అంటే పదమూడేళ్ళ పిల్లకి పద్నాలుగు పదిహేనేళ్ళ హీరోయిన్ కావాలి, కానీ వైఏలో ఇప్పుడు అందరూ పదిహేడు పద్దెనిమిది వాళ్ళే. ఎందుకలా అయిందంటే వైఏ కొనేది టీనేజర్లు మాత్రమే కాదు, 2012లోనే బౌకర్ అనే సంస్థ చేసిన సర్వేలో వైఏ పుస్తకాలు కొన్నవాళ్ళలో 55 శాతం మంది పద్దెనిమిది దాటినవాళ్ళని తేలింది. పెద్దవాళ్ళు కొంటుంటే కథలు వాళ్ళ వైపే జరిగిపోతాయి కదా. సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో వైఏగా వచ్చింది, 2020లో అట్ట మార్చి పెద్దల పుస్తకంగా మళ్ళీ వేశారు, కానీ పాత కాపీలు చాలాచోట్ల ఇంకా టీనేజ్ షెల్ఫ్‌లోనే ఉన్నాయి. రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' (2023) చూసి డ్రాగన్లు, కాలేజీ అని పిల్లలకి తెచ్చేవాళ్ళని చూశాను, అది మొదటి నుంచీ పెద్దల నవలే. అట్ట చూసి ఎవరూ చెప్పలేరు, తప్పు తల్లిదండ్రులది కాదు. లోపల ఏముందో ముందే తెలుసుకోవాలంటే కామన్ సెన్స్ మీడియా సైటులో చూడండి, హింస, భాష, శృంగారం విడివిడిగా ఎంతెంత ఉన్నాయో రాస్తారు, కింద తల్లిదండ్రులూ పిల్లలూ రాసిన రివ్యూలు కూడా ఉంటాయి.

ఇక పేర్లు. మిస్టరీ ఇష్టమైతే జెన్నిఫర్ లిన్ బార్న్స్ 'ది ఇన్హెరిటెన్స్ గేమ్స్' (2020). ముక్కూమొహం తెలియని కోటీశ్వరుడు చనిపోతూ తన ఆస్తంతా ఏవరీ అనే అమ్మాయికి రాసిపోతాడు, ఆ ఇంట్లో ఉండాలి, ఇంటినిండా చిక్కుముడులు, నలుగురు మనవళ్ళు. ప్రేమ ఉంది గానీ పైపైనే, పజిల్స్ మీదే దృష్టి అంతా. నా కూతురు ఒక్క రాత్రిలో సగం చదివేసింది. అయిపోతే వరసగా ఇంకా చాలా భాగాలున్నాయి, అదే ప్రపంచంలో 2024లో 'ది గ్రాండెస్ట్ గేమ్' అని కొత్త వరస కూడా మొదలైంది.

సైన్స్ ఫిక్షన్ అయితే డోనా బార్బా హిగెరా 'ది లాస్ట్ క్వెంటిస్టా' (2021). 2061లో హేలీ తోకచుక్క భూమిని ఢీకొట్టబోతుంది, పెట్రా అనే అమ్మాయిని అంతరిక్ష ఓడలో నిద్రపుచ్చి పంపుతారు, వందల ఏళ్ళ తర్వాత లేచేసరికి మిగతా అందరి జ్ఞాపకాలూ చెరిపేసి ఉంటాయి, అమ్మమ్మ చెప్పిన కథలు గుర్తున్నది ఈమెకి ఒక్కదానికే. లెక్క ప్రకారం మిడిల్ గ్రేడే, కానీ ఏ పదమూడేళ్ళ పిల్లా దీన్ని చిన్నపిల్లల పుస్తకం అనదు, అంత భయంగా ఉంటుంది.

చరిత్ర ఇష్టమైతే రెండు. వీరా హిరానందాని 'ది నైట్ డైరీ' (2018), 1947 విభజనలో ఇల్లు వదిలి నడిచి వెళ్ళే కుటుంబం, నిషా అనే పన్నెండేళ్ళ పాప చనిపోయిన అమ్మకి రాసుకునే డైరీ. దాని తర్వాతి కథ 'అమీల్ అండ్ ది ఆఫ్టర్' 2024లో వచ్చింది, ఈసారి నిషాతో కవలగా పుట్టిన అమీల్ వైపు నుంచి, వాడికి అక్షరాలు సరిగ్గా కుదరవు, బొమ్మలు వేస్తాడు. రెండూ ఒకేసారి ఇవ్వండి. రెండోది డానియెల్ నయేరీ 'ది టీచర్ ఆఫ్ నోమాడ్ ల్యాండ్', అమెరికాలో ఇచ్చే నేషనల్ బుక్ అవార్డు (పిల్లల విభాగం) 2025లో దానికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇరాన్, తల్లిదండ్రులు లేని అన్నాచెల్లెళ్ళు, అన్న బబాక్ తండ్రి వాడిన బ్లాక్‌బోర్డుని వీపుకి కట్టుకుని సంచార జాతుల పిల్లలకి చదువు చెప్పాలని బయల్దేరతాడు. యుద్ధం నవలలంటే జర్మనీ, ఇంగ్లండే గుర్తొచ్చే మనకి అదొక కొత్త చోటు, పుస్తకం కూడా చిన్నది.

సుజాన్ కాలిన్స్ 'హంగర్ గేమ్స్' సిరీస్‌ని మర్చిపోకండి, పిల్లల్ని చావు ఆటల్లోకి దింపే రాజ్యం కథ. మొదటిది 2008దే అయినా ఈ వయసుకి ఇప్పటికీ సరిగ్గా సరిపోయే వైఏ అదే.


పొడుగు_వాక్యం:

పదిహేనేళ్ళ బాబు. వాడికి పుస్తకం చేతికివ్వకండి, మొదట్లోనే. ఎవరైనా "ఇది చదువు, నీకు మంచిది" అంటే ఆ వయసులో వెంటనే పక్కన పడేస్తారు. వాడు కూర్చునే బల్ల మీద తెరిచి పెట్టండి చాలు.

ఏది తెరిచి పెట్టాలంటే జేసన్ రేనాల్డ్స్ 'లాంగ్ వే డౌన్' (2017). కొత్తది కాదు, తెలుసు, కానీ చదవడం మానేసిన కుర్రాడిని మళ్ళీ కూర్చోబెట్టిన పుస్తకం దీన్ని మించింది నేను చూడలేదు. అన్నని కాల్చి చంపేశారు, పదిహేనేళ్ళ విల్ నడుముకి తుపాకీ పెట్టుకుని లిఫ్ట్ ఎక్కుతాడు పగ తీర్చుకోడానికి, లిఫ్ట్ కిందికి దిగే ఆ నిమిషమే నవలంతా, ప్రతి ఫ్లోర్‌లోనూ చనిపోయిన వాళ్ళెవరో ఒకరు ఎక్కుతారు. పేజీకి పది పదిహేను చిన్న లైన్లు, గంటన్నరలో అయిపోతుంది, చివర్లో ఏం జరిగిందో రచయిత చెప్పడు, కాబట్టి చదివినవాడు ఎవరో ఒకరితో మాట్లాడి తీరాలి. మీరే ఆ ఒకరు అవ్వండి. రేనాల్డ్స్ స్వయంగా చదివిన ఆడియో కూడా ఉంది, ఇయర్‌ఫోన్స్ తియ్యని పిల్లలకి అదే మంచి దారి.

అది నచ్చితే తర్వాత 'బ్రౌన్‌స్టోన్' (2024), శామ్యూల్ టీర్ రాశారు, మార్ జూలియా బొమ్మలు, 2025 ప్రింట్జ్ అవార్డు వచ్చిన గ్రాఫిక్ నావెల్. అల్ముదేనా అనే పద్నాలుగేళ్ళ అమ్మాయి ఎప్పుడూ చూడని తండ్రి దగ్గర సమ్మర్ గడపాలి, ఆయన గ్వాటిమాలా నుంచి వచ్చినవాడు, ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ కలిసి పాడుబడ్డ ఇంటిని బాగుచేస్తారు. ఆ పదమూడేళ్ళ అమ్మాయికి కూడా ఇవ్వొచ్చు ఇది.

సాబా తాహిర్ 'ఆల్ మై రేజ్' (2022) మాత్రం ఆగి ఇవ్వండి. పాకిస్తాన్ నుంచి వలస వెళ్ళిన కుటుంబాల్లోని ఇద్దరు స్నేహితులు, ఎడారి ఊళ్ళో అప్పుల్లో మునిగిన మోటెల్, తాగుడు, కొట్టడం, అన్నీ ఉన్నాయి, నేషనల్ బుక్ అవార్డూ ప్రింట్జూ రెండూ వచ్చాయి. ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉన్న పిల్లలకి ఇది అండగా నిలబడుతుంది, అదే ఒంటరిగా చదివితే బరువెక్కుతుంది కూడా. పదిహేను పదహారు దాటినవాళ్ళకి, మీతో మాట్లాడే చనువున్న పిల్లలకి అయితేనే ఇవ్వమంటాను.


లైబ్రరీ_మూల:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, లిస్టు రాసుకుంటున్నాను. రెండు డౌట్లు మిగిలాయి. ఒకటి, గ్రాఫిక్ నావెల్స్ ఇస్తే కొంతమంది తల్లిదండ్రులు "బొమ్మల పుస్తకాలెందుకు, చదవడం రాదా" అంటున్నారు, వాళ్ళకి ఏం చెప్పాలి? రెండు, పద్నాలుగు పదిహేనేళ్ళ అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు నేరుగా వచ్చి ప్రేమకథ కావాలని అడుగుతున్నారు, వీళ్ళకి ఏం ఇవ్వాలో తెలియట్లేదు.


గీతలు_బొమ్మలు:

మొదటిదానికి నేను. జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్' 2020లో న్యూబెరీ గెలిచింది, ఆ మెడల్ చరిత్రలో మొదటిసారి ఒక గ్రాఫిక్ నావెల్‌కి వచ్చింది, ఈ ఒక్క ముక్క చాలామంది తల్లిదండ్రులకి సరిపోతుంది. సరిపోకపోతే ఒక పేజీ తెరిచి వాళ్ళనే చదవమనండి. జోర్డన్ అనే అబ్బాయి కొత్త స్కూల్లో అడుగుపెట్టినప్పుడు బొమ్మలో వాడి భుజాలు ఎలా ఉన్నాయో, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో, మాట్లాడనిది ఏంటో, ఇవన్నీ పిల్లలే పట్టుకోవాలి, వాక్యంలో రాసి ఉండవు. ఇక బొమ్మల పుస్తకాలు చదివే పిల్లలు మామూలు నవలలకి రారేమో అనే భయం ఉంటే, అదే విషయం మీద ఉన్న నవల ఒకటి పక్కన పెట్టి ఇవ్వండి, బలవంతం వద్దు. 'న్యూ కిడ్' నచ్చినవాళ్ళకి నేను షిఫా సాల్తాగీ సఫాదీ 'కరీమ్ బిట్వీన్' ఇస్తాను, 2024 నేషనల్ బుక్ అవార్డు దానిది, ఫుట్‌బాల్ టీమ్‌లో చేరాలనుకునే సిరియా కుటుంబపు ఏడో క్లాసు పిల్లాడి కథ, కవిత్వంలా చిన్న లైన్లలో ఉంటుంది కాబట్టి బొమ్మల నుంచి మాటల్లోకి రావడం కష్టంగా అనిపించదు.


నిద్రపోని_చదువరి:

ప్రేమకథ అడిగిన అమ్మాయిల్ని దయచేసి తప్పు చేసినట్టు చూడకండి, మీరు అలా చూడరని తెలుసు, అయినా చెప్తున్నాను. మనం మొహం మాడ్చుకుంటే వాళ్ళు అడగడం మానేసి ఫోన్‌లో దొరికినదేదో చదువుకుంటారు, అందులో ఏముందో మనకి తెలీదు. రెబెకా రాస్ 'డివైన్ రైవల్స్' (2023) ఇవ్వండి. ఒకే పత్రికలో పోటీపడే ఇద్దరు కుర్ర విలేకరులు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, దేవతల మధ్య యుద్ధం, ఒకరి టైప్‌రైటర్‌లో రాసిన ఉత్తరం అల్మరా తలుపు కింద నుంచి మాయమై ఇంకొకరి గదిలో తేలుతుంది, ఎవరికి రాస్తున్నదీ ఆ అమ్మాయికి తెలీదు. మొదటి సగమంతా ఉత్తరాల మీదే ప్రేమ. చివర్లో పెళ్ళి తర్వాత ఒక దగ్గరితనం సీన్ ఉంది, హద్దులోనే ఉంటుంది, కాబట్టి నేనైతే పదిహేను నుంచి ఇస్తాను. ఇంకా చిన్నవాళ్ళకి 'ఇన్హెరిటెన్స్ గేమ్స్' చాలు, పైన చెప్పారు కదా. 'డివైన్ రైవల్స్' మొదటి భాగం ముక్క మధ్యలో తెంపినట్టు ఆగిపోతుంది, రెండోది 'రూత్‌లెస్ వౌస్' కూడా తెచ్చిపెట్టుకోండి, లేకపోతే మర్నాడు పొద్దున్నే మీ తలుపు కొడతారు.


లైబ్రరీ_మూల:

రెండూ కలిపే తెప్పిస్తాను. మీరు చెప్పినట్టే వైల్డ్ రోబో బాబుని "ఎక్కడ ఆపబుద్ధి కాలేదు" అని అడిగాను @రెండో_బెంచీ గారూ, రోబో మీద కాదు, ఆ పిల్లబాతు మిగతా బాతులతో ఎగిరి వెళ్ళిపోయి మళ్ళీ వస్తుందా రాదా అన్న చోట అన్నాడు.

అలాగే హంగర్ గేమ్స్ గురించి @అమ్మనీ_పాఠకురాలినీ గారిని అడగాలి, కొత్తగా వచ్చిన ముందు కథలు రెండున్నాయి కదా, కథలో కాలం ప్రకారం అవి ముందు ఇవ్వాలా?


రెండో_బెంచీ:

అయితే 'రోవర్స్ స్టోరీ'యే ఇవ్వండి, దూరంగా వెళ్ళిపోయినవాళ్ళ కోసం ఎదురుచూడటం అందులో నిండుగా ఉంది. ఉత్తరాలు వచ్చే చాప్టర్లు వాడికి బాగా పడతాయి.


అమ్మనీ_పాఠకురాలినీ:

వద్దండీ, వచ్చిన వరసలోనే ఇవ్వండి. మొదట 2008 నుంచి వచ్చిన మూడూ, తర్వాత 'ది బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్' (2020), ఆఖరున 'సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్' (2025). ఇది మొదటి పుస్తకంలో హీరోయిన్‌కి గురువుగా కనిపించే హేమిచ్ కుర్రాడిగా ఉన్నప్పటి యాభయ్యో ఆటల కథ, మొదటి పుస్తకానికి ఇరవై నాలుగేళ్ళ ముందు జరుగుతుంది. పెద్దయ్యాక ఆయన ఎలా తయారయ్యాడో ముందే చూసినవాళ్ళకే ఇందులో ప్రతి పేజీ గుచ్చుకుంటుంది, కాలం వరసలో చదివితే తెలిసిన పేర్లు వచ్చినా ఎవరో అర్థం కాదు. హింస కూడా మొదటిదానికన్నా దీనిలోనే ఎక్కువ అనిపించింది నాకు, కాబట్టి పదమూడేళ్ళ అమ్మాయికి మూడు ఇచ్చి, కాస్త ఆగి, అవి ఎలా చదివిందో చూసి తర్వాతవి ఇవ్వండి. 'బాలడ్' నిదానంగా నడుస్తుంది, విసుక్కుంటే దాటేసి 'సన్‌రైజ్'కి వెళ్ళిపోయినా కథ అర్థమవుతుంది.